మండుటెండలో వైపర్లు

ఆ మే నెల ఉదయం ఇస్రాయేలు చేసుకున్న ఏర్పాటులో వేలెత్తి చూపదగిన లోపం ఏదీ లేదు. తమ్ముడి కూతురు గ్లోరీని తన అంబాసిడర్ కారులో కూర్చోబెట్టుకొని, ఎండ ముదరకముందే సాగర్ డ్యాం పక్కనున్న నందికొండ నుంచి బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా తిరుమలగిరి చర్చి ముందు దింపడం. ఆపైన మొదటి వరుసలో కూర్చొని పెళ్లి చూడడం. ప్రాజెక్టు కాలువల మీద ఇంజినీరుగా ఉద్యోగకాలమంతా గడిపి, గౌరవంగా పదవీ విరమణ చేసిన మనిషికి ఇదేమంత ఘనకార్యం కాదు. అయితే 'దారిలో ఎక్కడా ఆగకుండా' అన్న మాట ఆయన ఊరికే చేర్చుకున్నది కాదు. అది భార్య మెర్సీతో కుదిరిన ఒప్పందం.

"పిల్ల చర్చి కాడికి చేరేదాక బండి ఒక్కసారి ఆగినా సరే," అని మెర్సీ ముందు రోజు అందరి ఎదుటా చెప్పింది, "విజేందర్ ధాబాకు ఇచ్చేస్త. ముందర నిలవెట్టి రంగు బల్బులు గడతడంట. ఖాళీ అయిన కారు షెడ్డుల నేను గిర్ని వెట్టుకుంట. పసుపు, కారం, పిండి పట్టిచ్చుకుంట బతుకుత."

"ఆగకుంటే?"

"ఆగకుంటే నేను సచ్చేదాక దాని ఊసు ఎత్తనే ఎత్త."

గ్లోరీ సాక్షి. ఇస్రాయేలు తల ఊపాడు. ఆ ధైర్యానికి కారణం ఆయన కొత్తగా బిగించిన ఎలక్ట్రిక్ చోకు.

చోకు అంటే కార్బురేటర్ నోటికి ఉండే చిన్న రేకు తలుపు. చల్లబడి ఉన్న ఇంజిన్‌కు అది మూసుకొని గాలి తగ్గిస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక తెరుచుకోవాలి. పాత పద్ధతిలో ఆ తలుపును డ్రైవరే ఒక గుండీ లాగి మూయాలి, మళ్లీ లోపలికి నొక్కి తెరవాలి. ఇస్రాయేలు లాగడం ఎన్నడూ మరువలేదు. నొక్కడం మాత్రం తరచూ మరిచేవాడు. ఫలితంగా కారు నల్లని పొగ కక్కి, దగ్గి, నిలబడిపోయేది. మెర్సీ దండెం మీద ఆరవేసిన తెల్ల చీరలు ఆ పొగలో బూడిద రంగుకు మారిపోయేవి. మరిచిపోయానని ఒప్పుకోవడం ఆయన స్వభావంలో లేదు గనక తప్పంతా గుండీ మీద పడింది. హైదరాబాదు నుంచి కొత్త కార్బురేటర్ తెప్పించాడు. దాని చోకులో ఒక స్ప్రింగు చుట్ట ఉంటుంది. కరెంటు అందితే వేడెక్కి తలుపును తానే తెరుస్తుంది. మనిషి మరిచినా అది మరువదు.

బిగింపు పని ఇతరులకు అప్పగించడం ఆయనకు ఇష్టం లేదు. ఎండాకాలమైనా సరే తలుపు గట్టిగా మూసుకోవాలని స్ప్రింగును చివరిదాకా తిప్పి బిగించాడు. మిగిలింది వైరు. తాళంచెవి తిప్పగానే కరెంటు వచ్చే పెద్ద వైరు నుంచే దానికి కరెంటు ఇవ్వాలన్నది అందరూ ఎరిగిన పద్ధతి. ఇస్రాయేలుకూ తెలుసు. కానీ ఆయన మనసు ఒప్పలేదు. షట్టరు లేకుండా ప్రధాన కాలువకు గండి కొట్టడం ఆయన దృష్టిలో నేరం. అట్లా కొట్టిన రైతుల మీద కేసులు రాసిన చెయ్యి ఆయనది. కనుక షట్టరు ఉన్న పిల్లకాలువ కోసం వెదికాడు. వైపర్ల వైరు కనబడింది. దానికి చక్కని స్విచ్చు ఉన్నది. పైగా మే నెలలో వైపర్లతో పనేమిటి? ఆ కాలువలో పారేదంతా మిగులు నీరే. స్విచ్చు దాటిన చోట చోకు వైరు కలిపి, టేపు చుట్టి, తృప్తిగా చేతులు కడుక్కున్నాడు.

షట్టరు మూసి ఉంటే దాని కింది పొలానికీ నీరందదన్న సంగతి, జీవితమంతా అదే పని చేసిన మనిషికి ఆ సాయంత్రం తట్టలేదు. తట్టకపోవడానికి కారణమూ ఉన్నది. పరీక్షించే సమయంలో అద్దం కడుగుతూ వైపర్లు వేసే ఉంచాడు. ఇంజిన్ పిల్లిలా గురగురలాడింది.

పెళ్లినాడు వైపర్లు వేయవలసిన అవసరం రాలేదు. కాలనీ దాటేసరికే కారు గొంతు సవరించుకున్నది. కొంచెం దూరం పోయాక దగ్గడం మొదలుపెట్టింది.

"పెద్దబాపూ, ఎనక మొత్తం నల్లగైతాంది," అన్నది వెనుక సీట్లో గ్లోరీ, తెల్లని పెళ్లి చీర కొంగును అద్దానికి దూరంగా లాక్కుంటూ.

"కొత్త చోకు గదా పిల్లా, జర సిగ్గుపడతాంది," అన్నది పక్కనున్న మెర్సీ. "అగో, విజేందర్ కూడా ఎదురుచూస్తుండు."

నిజమే. ధాబా ముందు విజేందర్ నడుముకు చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ముందరి జాగా ఊడ్చి, నీళ్లు చల్లించి, నాలుగు మూలలా ఇటుకలు కూడా పెట్టించాడు. కారు సరిగ్గా ఆ ఇటుకలను చూసే ఊపిరి వదలబోతున్నట్టు కుదుపులు మొదలుపెట్టింది. అదే క్షణంలో బానెట్ మీద కట్టిన బంతిపూల దండ తెగి అద్దం మీద పడింది. దారి కనబడక ఇస్రాయేలు వైపర్లు వేశాడు.

పూలు రాలిపోయాయి. రాలిన కొద్దిసేపటికే ఇంజిన్ దగ్గు తగ్గింది, పొగ పలచబడింది, కారు నిటారుగా ముందుకు దూకింది. వైపర్లు రెండూ 'వద్దు, వద్దు' అన్నట్టు ఊగుతూ విజేందర్‌ను దాటిపోయాయి.

ఇస్రాయేలు స్విచ్చు ఆపాడు. కొంత దూరానికి దగ్గు తిరిగి వచ్చింది. వేశాడు, పోయింది. ఆ మాత్రం ప్రయోగం చాలు. తాను ఏం చేశాడో ఆయనకు స్పష్టంగా అర్థమైంది. చెమట పట్టిన చెయ్యి స్విచ్చు మీద నుంచి నెమ్మదిగా తీశాడు. వైపర్లు ఎండిన అద్దం మీద కర్రు కర్రుమని అరుస్తూనే ఉన్నాయి.

"పూలు పోయినయి గదయ్యా," అన్నది మెర్సీ. "ఇంక ఎందుకు ఊపుతున్నవ్?"

"వర్ష సూచన కనబడుతున్నది," అన్నాడు ఇస్రాయేలు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ఇస్రాయేలు ఇంట్లో మాట్లాడేది అందరూ మాట్లాడే మాటే. అబద్ధం ఆడవలసి వచ్చినప్పుడు మాత్రం ఆయన భాష ఇస్త్రీ బట్టలు తొడుక్కుంటుంది. ఇది ఆయనకు తెలియదు.

మెర్సీ కిటికీలోంచి ఆకాశం చూసింది. మేఘం అన్నది మచ్చుకైనా లేదు. "ఏ దిక్కు?"

"సుదూరముగా."

ఆమె ఆయన ముఖం చూసింది, వైపర్లను చూసింది, సంచిలోంచి ఫోను తీసి చూసి మళ్లీ లోపల పెట్టింది.

మొదటి ఊరి దగ్గర రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువున్నదని తిప్పి పంపకుండా రైతులు ఎండకు పోసుకున్న పంట అది; ఒక్క వాన పడితే మొలకెత్తిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు నెమ్మదించేసరికి వడ్లు తిరగేస్తున్న మారయ్య తల ఎత్తాడు.

"ఇంజినీరు సారూ! గదేంది, గింత ఎండల తుడుస్తున్నరు? వాన గిట్ల వస్తదా ఏంది?"

లేదని చెప్పడానికే ఇస్రాయేలు నోరు తెరిచాడు. అంతలో మెర్సీ కిటికీలోంచి సగం బయటికి వంగింది. "వస్తదంట మారయ్యా! సారే అంటాండు! వడ్లు కప్పుకో!"

కారు ఆపి సరిదిద్దవలసిన సమయం అదే. ఆపితే ధాబా ముందు ఇటుకలు. ఉద్యోగమున్నన్నాళ్లూ వాన లెక్కలో చుక్క తేడా రాయని మనిషి నోరు మూసుకొని గేరు మార్చాడు.

మారయ్య అద్దంలో చిన్నగా అవుతూ కనబడ్డాడు. ఒక చేత్తో టార్పాలిన్ లాగుతున్నాడు. మరో చేత్తో ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆయన ఆలోచనలో తప్పు లేదు. కాలువకు నీళ్లు ఏ పూట వస్తాయో ఊరికంటే ముందే చెప్పిన సారు, ఉత్తపుణ్యానికి అద్దం తుడుస్తాడా?

రెండో ఊరు చేరేసరికి అక్కడ ఉరుకులు పరుగులుగా ఉన్నది. ట్రాక్టర్ల మీంచి టార్పాలిన్ పట్టాలు దించుతున్నారు. బీరమ్మ అనే ముసలామె కుప్ప మీద ఎక్కి కొడుకును తిడుతున్నది. "ఓరి ఎల్లేష్! ఫోను పక్కన వడెయ్యిరా! వడగండ్లంట, వడగండ్లు! అగో, సారు కారు చూడు, ఎట్ల ఉరుకుతాందో!"

"వడగండ్లని నేనన్నానా?" అన్నాడు ఇస్రాయేలు దీనంగా.

"నువ్వనలే. కానీ కాదని కూడ అనలే," అన్నది మెర్సీ.

మూడో ఊరి బయట ఒక మోటారు సైకిల్ మనిషి కారు పక్కకు వచ్చి, చెయ్యి ఊపి, గట్టిగా హెచ్చరించాడు. "సారూ, జర జల్దీ పోండ్రి! ఎనక నుంచి పెద్ద గాలివాన వస్తాందంట. డ్యాం గేట్లు సుత ఎత్తుతరంట. సాగర్‌ల ఎవరో పెద్ద ఇంజినీరు చెప్పిండంట!"

"ఎవరంట అన్నా గా ఇంజినీరు?" అని మెర్సీ ఎంతో శ్రద్ధగా అడిగింది.

"పేరు తెల్వదమ్మా. శాన తెలివిగలోడంట."

వెనుక సీట్లో గ్లోరీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాపుకున్నది. పెళ్లికూతురు ఏడుస్తున్నదనుకొని ఆ మనిషి జాలిగా చూసి వెళ్లిపోయాడు.

కారు ఆగకుండా తిరుమలగిరి చర్చి ముందుకు చేరింది. ఒప్పందంలో గెలుపు ఆయనదే. ఇస్రాయేలు కళ్లు తుడుచుకొని చూస్తే చర్చి ఆవరణలో షామియానా లేదు. గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి. పెళ్లికొడుకు తండ్రి డేవిడ్, చొక్కా అంతా చెమటతో, ఎదురు వచ్చాడు.

"బావా, నీ పుణ్యాన ముందే ఎరుకైంది. మీ దిక్కు నుంచి పది ఫోన్లు వచ్చినయి. షామియానా పీకేసినం, వంట దేగ్‌చాలన్ని బడి వరండలకు మోసినం." ఆయన పైకి చూశాడు. సూర్యుడు మండిపోతున్నాడు. "గని... ఎప్పుడొస్తది బావా?"

"అచిరకాలములోనే," అన్నాడు ఇస్రాయేలు.

మెర్సీ దగ్గింది.

పెళ్లి జరుగుతున్నంతసేపూ ఇస్రాయేలు మొదటి వరుసలో ఫ్యాను కింద కూర్చొని చెమటలు కక్కాడు. అయ్యగారు వాక్యం చదువుతుంటే ఆయన మాత్రం కిటికీని చూస్తూ, కనీసం వానను కొలిచే పాత్ర అడుగు తడిచేటంత వానైనా ప్రసాదించమని ప్రభువును వేడుకున్నాడు. కిటికీ అవతల ఎండ ఇనుప రేకులా తెల్లగా మెరుస్తున్నది.

ఉంగరాలు మారాయి. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక ట్రాక్టరు ఆగి ఉన్నది. మారయ్య, మరికొందరు రైతులు దిగి వచ్చారు. వారి ముఖాలలో కోపం ఇంకా పూర్తిగా రాలేదు, దారిలో ఉన్నది.

"సారూ," అన్నాడు మారయ్య, "వడ్లు పట్టాల కింద ఉడుకుతున్నయి. ఉత్తగ కప్పి పెడితే ఆవిరికి మొలకొస్తయి. వాన ఏది?"

"మా చుట్టాలేమో ఎండల కూసున్నరు," అని డేవిడ్ అందుకున్నాడు. "షామియానా మళ్ల కట్టాల్నా, వద్దా? ఒక మాట చెప్పు బావా."

అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. సర్వీసులో సంపాదించిన పేరంతా ఇప్పుడు ఈ గేటు దగ్గర నిలబడి ఉన్నది. ఇస్రాయేలు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఇస్త్రీ బట్టలు లేవు.

"మారయ్యా, తప్పు నాదే. గది వాన కాదు. చోకు వైరు నేను తీసుకపోయి వైపర్లకు..."

ఎక్కణ్ణుంచో ఒక గాలి తెర లేచి ఎర్రమట్టిని అందరి కళ్లలో కొట్టింది. గుంజలు ఊగాయి. కృష్ణా నది దిక్కున ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, పొలాల మీదుగా పరుగున వచ్చింది. మొదట పెద్ద చినుకులు, వెంటనే చింతగింజలంత వడగండ్లు. పెళ్లివారూ రైతులూ కలిసి బడి వరండాలోకి దూరారు. అక్కడ అన్నం, మాంసం పొడిగా, వేడిగా ఉన్నాయి.

"ఏం వైరు సారూ?" అని అరిచాడు మారయ్య, ఉరుముల మధ్య ఆయన రెండు చేతులూ పట్టుకొని. కళ్ల నిండా నీళ్లు. "ఊరు ఊరంత బతికింది సారూ! ఏం వైరు?"

ఇస్రాయేలు వాన వైపు, మారయ్య వైపు చూశాడు. "అదొక సాంకేతిక విషయము," అన్నాడు.

జనం భోజనాల మీద పడ్డాక మెర్సీ ఆయనను ఒక మూలకు పిలిచి ఫోను చూపించింది. ఉదయం వచ్చిన హెచ్చరిక అది: జిల్లాలో మధ్యాహ్నానికి ఈదురుగాలులు, వడగండ్ల వాన, పంట జాగ్రత్త.

"నీకు ముందే ఎరుకేనా? మరి మారయ్యకు సక్కగ గిదే చెప్తే అయిపోతుండె గదా!"

"గా మెసేజ్ మారయ్యకు సుత వచ్చింది. ఎవడన్న కప్పిండా? దినాం వచ్చేదే గదా అని ఊకున్నరు. నీ వైపర్లు చూసినంకనే ఉరికిండ్రు." ఆమె ఫోను సంచిలో పెట్టుకున్నది. "ఇంకోటి. నిజంగ వాన వస్తదని తెలిస్తే నువ్వు 'వాన వస్తాంది' అంటవు. 'వర్ష సూచన' అన్నవంటే ఏదో వైరు తప్పు గలిపినవని అప్పుడే అనుకున్న."

తిరుగు ప్రయాణంలో వైపర్లు నిజంగా కావలసి వచ్చాయి. ఎండిన అద్దం మీద అంత దూరం గీసుకొచ్చిన ఆ వైపర్లు రెండుసార్లు ఊగాయో లేదో ఫ్యూజు కొట్టేసింది. చోకు మూసుకున్నది. కారు చర్చి గేటులోనే నిలబడిపోయింది. ఒప్పందం గడువు అప్పటికే ముగిసింది కనుక ఇస్రాయేలుకు నష్టమేమీ లేదు. కొత్త జంటను ఎక్కించుకున్న ఆ కారును రైతులు వానలో కేకలు వేస్తూ, మేళతాళాలు లేని ఊరేగింపులా, ఊరి చివరిదాకా నెట్టారు.

మరునాడు ఇస్రాయేలు గది తలుపు వేసుకున్నంత రహస్యంగా షెడ్డు తలుపు వేసుకొని, ప్రధాన కాలువకు గండి కొట్టి, చోకు వైరును అక్కడ కలిపాడు. కారు పొగ లేకుండా, దగ్గు లేకుండా నడిచింది. ఇక ఏ ఆపదా లేదనుకున్నాడు.

వారం తిరగకముందే మారయ్య, ఎల్లేష్, బీరమ్మ, ఇంకా కొందరు ఒక బుట్ట మామిడిపండ్లతో ఇంటికి వచ్చారు. వారి కోరిక ఒక్కటే. కారు షెడ్డులో ఉంటే వైపర్లు వేసిందీ లేనిదీ రోడ్డున పోయేవారికి ఎట్లా తెలుస్తుంది? బయట నిలబెట్టాలి. రోడ్డుకు ఎదురుగా.

"గట్లనే ఉండని," అని మెర్సీ ఆయన నోరు తెరవకముందే మాటిచ్చింది. "ఊరి మంచి కంటే షెడ్డు ఎక్కువనా?"

ఇప్పుడు షెడ్డులో గిర్ని తిరుగుతున్నది; కారం పట్టించిన రోజున వీధంతా తుమ్ముతుంది. అంబాసిడర్ రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. వానకు తడవకుండా దాని మీద మారయ్య తన పాత టార్పాలిన్ కప్పి వెళ్లాడు, వైపర్ల మేర మాత్రం వదిలి.