అత్తగారి మీద పడని ఫ్లాష్

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. ముందుగదిలో కిటికీ దగ్గర ముగ్గురిని నిలబెట్టి ఒక ఫోటో తీసి, మధ్యాహ్నం లోపు హోటల్ మేనేజరుకు పంపాలి. ఆయనకు నచ్చితే కొత్త హోటల్ ఫోటోలన్నీ తీసే పని మన ఫోటోగ్రాఫర్‌దే. నచ్చకపోతే జీవితమంతా పాస్‌పోర్టు ఫోటోలకు "గడ్డం కొంచెం పైకి, సార్" అంటూ గడపాల్సిందే. మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే. లోపలి మనుషులూ, బయటి చెట్లూ రెండూ కనబడాలి.

మనుషుల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, పెళ్ళయి నెల తిరగని భార్య ఉంది. మొగుడు లెన్సు మీద ఉఫ్ అని ఊదినా ముచ్చటపడే దశలో ఉందా అమ్మాయి.

"చూడు, ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది," అని అతను టీ తాగుతూ పాఠం మొదలుపెట్టాడు. "కెమెరాలోకి వెలుతుర్ని వదిలే షట్టర్‌ని ఎంతసేపు తెరిచి ఉంచినా మనుషుల మీద పడే ఫ్లాష్ వెలుగు మారదు. బయటి ఎండ అలా కాదు, తెరిచినంతసేపూ వస్తూనే ఉంటుంది. అందుకని షట్టర్ వేగం పెంచితే కిటికీ బయట రంగులు ముదురుతాయి, తగ్గిస్తే తెల్లబడతాయి."

"ఇంతేనా! అయితే నాకు ఫోటోగ్రఫీ వచ్చేసిందండీ."

"అప్పుడే రాలేదు. ఒక మెలిక ఉంది..."

"ఒరేయ్, ఈ డబ్బా మూత రావట్లేదు!" అని ఆమె అత్తగారు వంటింట్లోంచి కేకేసింది. మూత వచ్చింది గానీ మెలిక బయటకు రాలేదు.

అతను కెమెరాను నిలువుగా తిప్పి స్టాండుకు బిగించాడు. కొలతలన్నీ చూసి షట్టర్ సరిపెట్టి, ఫ్లాష్ సర్దడానికి గది అటువైపు వెళ్ళాడు. భార్య కెమెరా తెరలోకి తొంగి చూసింది. చెట్లు కాస్త వెలవెలబోతున్నాయి. పాపం, ఆయనొక్కరే ఎంతని చేస్తారు? ఆమె షట్టర్ వేగం పెంచే చక్రాన్ని టకటకా తిప్పింది. చెట్లు పచ్చగా నవ్వాయి. ఆమె కూడా నవ్వుకుంటూ పరుగున వెళ్ళి తన చోట నిలబడింది.

క్లిక్.

ఫోటోలో చెట్లు అద్భుతంగా ఉన్నాయి. కోడలు మెరుస్తోంది, మామగారు మెరుస్తున్నారు. చివర నిలబడ్డ అత్తగారు మాత్రం నల్లటి ఆకారం. ఆ మెలిక ఇదే: షట్టర్ ఒక హద్దు దాటి పరుగెత్తితే, ఫ్లాష్ వెలిగేసరికి షట్టర్ తెర ఒకవైపు మూసుకునే ఉంటుంది. ఆ వైపు ఎవరున్నా చీకటే.

"ఇదేంట్రా, వాళ్ళిద్దరూ మనుషుల్లా ఉన్నారు, నేను గోడ మీద నీడలా ఉన్నాను? కోడలొచ్చిందని నన్ను అప్పుడే చెరిపేస్తున్నావా?"

"అయ్యో అత్తయ్యా, మీరు నా చోటుకి రండి," అని కోడలు కంగారుపడింది.

"నువ్వుండమ్మా. ఆయన్నిటు పంపించు."

చోట్లు మారాయి. క్లిక్. ఈసారి అత్తగారు వెలిగిపోయింది, మామగారు మాయమయ్యారు.

"ఇప్పుడు బాగుంది," అంది అత్తగారు.

"పెళ్ళయినప్పటి నుంచీ ఇంతేగా," అన్నారు మామగారు.

షట్టర్ తానే పెట్టాడు కనక దాన్ని మళ్ళీ చూసుకోవాలని అతనికి తోచలేదు. ఫ్లాష్‌నే అనుమానించాడు. బ్యాటరీలు నీరసించాయన్నాడు. కొత్తవి లేకపోవడంతో, మామగారు వార్తలు వింటున్న రేడియో నోరు నొక్కి అందులోవి పీకాడు. ఈ హడావుడిలో కోడలికి తాను తిప్పిన చక్రం గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా వెనక్కి తిప్పింది. ఎంత తిప్పాలో తెలియక, ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువే తిప్పింది. బయట మబ్బు పట్టడంతో తెరలో చెట్లు మరీ తెల్లబడినట్టూ అనిపించలేదు.

"నాన్నా, ఫోటో నేరుగా నీ ఫోన్‌కే వస్తుంది. ముగ్గురి ముఖాలూ స్పష్టంగా ఉంటే మేనేజరుకి పంపెయ్. టైం లేదు."

"పంపుతాలే. నీ ఫోటో ఏమోగానీ నా వార్తలు పోయాయి," అని మామగారు గొణిగారు.

క్లిక్ మన్నప్పుడు అత్తగారు నవ్వుతూనే ఉంది. క్లిక్ మన్న మరుక్షణం పక్కకు తిరిగి, వేలు చూపించి, "పిల్లాడి బతుకు కన్నా మీ వార్తలెక్కువా?" అంది. వేగం తగ్గిన షట్టర్ ఇంకా మూసుకోలేదు.

ఫోటో చూసి అతను అక్కడే చతికిలబడ్డాడు. ఫ్లాష్ పట్టుకున్న అత్తగారు చక్కగా నవ్వుతోంది. ఆమె భుజం మీంచి, కిటికీ వెలుతురు పట్టుకున్న ఇంకో అత్తగారు పలచగా పైకి లేచి మొగుణ్ణి తిడుతోంది.

"నాన్నా, ఇది పంపొద్దు!"

"పంపేశానురా. మూడు ముఖాలు కావాలన్నావు, నాలుగున్నాయి. ఎక్కువేగా."

కోడలు ఏడుపు ముఖంతో చక్రం కథంతా ఒప్పేసుకుంది. మొగుడు నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది. మేనేజరు.

"సార్, అది పొరపాటున..." అన్నాడు ఫోటోగ్రాఫర్.

"పొరపాటేమిటయ్యా! మిగతా ఫోటోగ్రాఫర్లంతా బొమ్మల్లా నవ్వే మనుషుల్ని పంపారు. ఇది చూడగానే మా ఇల్లే గుర్తొచ్చింది. పని నీదే. ఆదివారం మా హోటల్ హాల్లో ఇలాంటిదే పెద్దది తియ్యి. ఆ అమ్మగారే ఉండాలి."

ఆదివారానికల్లా భార్యాభర్తలిద్దరూ షట్టర్ వేగం, ఫ్లాష్, కిటికీ వెలుతురు అన్నీ సరిగ్గా కుదిర్చేశారు. కుదరనిది అత్తగారి కోపమే. హోటల్ వాళ్ళు మెత్తటి కుర్చీ వేసి అమ్మగారూ అమ్మగారూ అంటుంటే, క్లిక్ ముందూ క్లిక్ తర్వాతా ఆమె ఒకేలా చిరునవ్వు నవ్వుతూ కూర్చుంది. మామగారు గొణిగారు, విసుక్కున్నారు, చివరికి ఆమె తమ్ముణ్ణి కూడా ఒక మాట అన్నారు.

తిట్లు తినడానికి ఇంత కష్టపడటం ఆయనకదే మొదటిసారి.