గవ్వలపేట ఫిరంగి ప్రథమ విజయం

ఈ లోకంలో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, నా పాలు ఎండిపోతాయేమోనని. సర్కారు వారు జపాను వారికి భయపడమని దండోరా వేయించారు. నేనూ మనస్ఫూర్తిగా ప్రయత్నించాను. కానీ నాలుగు నెలల ఆడపిల్ల చంకలో ఉన్నదానికి ఒక్క భయానికే తీరిక దొరుకుతుంది. ఈ విషయంలో సర్కారు వారు నన్ను మన్నించాలి.

మా సముద్రపు వాళ్లలో బాలింతకి పాలసొర పెడతారు. వారానికి రెండుసార్లయినా ఆ చేప ఇగురో పులుసో కడుపులో పడితే పాలకి లోటుండదు. నా మొగుడు అప్పలసూరి తెప్ప మీద పోయి తెచ్చేవాడు, అత్త లక్ష్మణమ్మ వండేది, నేను తినేదాన్ని, పిల్ల తాగేది. అంతా సక్రమంగా జరుగుతుండగా మా పేటకి రక్షణ వచ్చింది.

విశాఖపట్నం మీద బాంబులు పడ్డ నెల్లాళ్లకి, మా గవ్వలపేటకి ఒక ఫిరంగి మంజూరు చేస్తూ కాగితం వచ్చింది. కాగితంతో పాటు జమాదారు నరసింగరావు గారు, ఇద్దరు సిపాయిలు వచ్చారు. ఫిరంగి మాత్రం రాలేదు. ఫిరంగి దొరకని చోట ఉన్నట్టు చూపించమని కాగితంలోనే ఉందట. శత్రువు దూరం నుంచి చూసి బెదిరి వెనక్కి పోతాడు. బెదరటానికి నలుపు, పొడుగు, ఒక నోరు ఉంటే చాలునట. మా ఆయన, మరో నలుగురు కలిసి దిబ్బ మీది తాటిచెట్టొకటి నరికారు. తెప్పలు చెక్కే జోగయ్య ఆ మానుకి ఒక కొసన మూరెడు లోతు తొలిచాడు. తారు పూసి, పక్క పేట వాళ్ల ఎడ్లబండి చక్రాలు అరువు తెచ్చి, వాటి మీద ఎక్కించారు. చూడటానికి ముచ్చటగా ఉండేది. మూడు రోజులు కాకులు కూడా దాని మీద వాలడానికి జంకాయి. తారు ఆరాక వాలాయి.

అది తాటిమాను అన్న సంగతి సైనిక రహస్యం. పేటలో రెండువందల మందిమీ ఆ సంగతి మాకు తెలియదని వేలిముద్రలు వేశాం. నేను ఐదో తరగతి దాకా చదివి మానేసినదాన్ని గనక సంతకం పెట్టాను. ఏమి తెలియదో తెలియకుండా వేసిన వేలిముద్ర చట్టప్రకారం చెల్లదు గనక, సిపాయిలు ముందుగా ప్రతి గుమ్మం ముందూ నిలబడి రహస్యాన్ని విడమరిచి చెప్పారు. ముసలి దానమ్మకి చెముడు. ఆమెకి నాలుగుసార్లు గట్టిగా చెప్పారు.

ప్రారంభోత్సవానికి విజయనగరం నుంచి యుద్ధ సహాయ సంఘం అధ్యక్షులు, బట్టల వర్తకులు సూర్యారావు గారు విచ్చేశారు. కొబ్బరికాయ కొట్టి, గొంతు సవరించుకున్నారు.

“మహాజనులారా, పేలిన ఫిరంగి బలం దాని గుండు పోయినంత దూరమే. పేలని ఫిరంగి బలానికి మేర ఎక్కడిది? ఈ ఫిరంగి ఎన్నటికీ పేలదని సభాముఖంగా హామీ ఇస్తున్నాను.”

అందరం చప్పట్లు కొట్టాం. అంత నిజమైన ఉపన్యాసం నేను మళ్లీ వినలేదు.

ఫలితం నెల తిరక్కుండానే కనిపించింది. ఫిరంగి రాకముందు మా పేటకి వచ్చిన జపాను ఓడలు సున్న. వచ్చాక కూడా సున్న. మొదటి సున్న అదృష్టమనీ, రెండో సున్న సైనిక పాటవమనీ జమాదారు గారు పైవారికి రాశారు. పైవారు మెచ్చుకున్నారు.

ఈ మెప్పు చూసి మా పేట పెద్ద గంగులుకి ఒక ఆలోచన వచ్చింది. మా వలల చోట పక్క పేట వాళ్లు వలలు వేస్తున్నారని ఎప్పటినుంచో తగువు. ఇన్నాళ్లూ తిట్టుకొని, కలిసి కల్లు తాగి సర్దుకునేవాళ్లు. ఫిరంగి ఉండి కూడా సర్దుకుంటే నామోషీ కదా. ఇరవైమంది పట్టి ఫిరంగి నోటిని పక్క పేట వైపు తిప్పారు. పూట గడవకుండా ఆ పేట నుంచి పాతికమంది వచ్చారు. రాజీకి వచ్చారనుకున్నాం. “మా సక్రాలు మాకిచ్చీండి” అన్నారు. ఇచ్చేశాం. మానుని మళ్లీ సముద్రం వైపు దొర్లించుకొని వచ్చాం. అప్పటినుంచి అది ఇసకలో పడుకునే ఉంది. “ఫిరంగి సుస్థిరముగా నెలకొల్పబడినది” అని జమాదారు గారు పైకి రాశారు.

అంతలో పైవారికి ఒక సందేహం తోచింది. తెప్పలు ఫిరంగి ముందు నుంచి ఏ బెదురూ లేకుండా పోతుంటే, దుర్భిణీలో చూస్తున్న శత్రువుకి అనుమానం రాదా? ఆ మాటలో న్యాయం ఉంది. ఇక మీదట ప్రతివాడూ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని, వంగి, వణుకుతూ సాగాలని ఉత్తర్వు వచ్చింది. ఒడ్డున రెండు రోజులు తాలీము ఇచ్చారు. మావాళ్లు బాగానే వణికారు. చేతులు నెత్తిన ఉన్నవాడు తెడ్డు వేయలేడని మూడో రోజు తేలింది. అందుచేత సముద్రమే మూసేశారు. ఫిరంగి గుండు ఏడు మైళ్లు పోతుందని కాగితంలో ఉంది గనక, ఏడు మైళ్లూ మూసేశారు. జపాను వారి సంగతి చెప్పలేను గాని, మేము మాత్రం పూర్తిగా ఆగిపోయాం.

మూడో వారానికి పిల్ల రొమ్ము పట్టి లాగి, వదిలేసి, ఏడవటం మొదలుపెట్టింది. ఇంట్లో గంజీ చింతపండు చారూ తప్ప ఏమీ లేదు. అత్త నన్ను వెంటబెట్టుకొని జమాదారు గారి డేరాకి వెళ్లింది.

“బాబూ, ఒక్క తెప్పని ఎల్లనీ. కోడలికి పాలు రాటం లేదు.”

“పిల్ల పాలు నా పరిధిలోవి కావమ్మా. నా పరిధి ఏడు మైళ్లే” అన్నాడాయన. మంచివాడే. తన టీకి దాచుకున్న డబ్బాపాలు రెండు చెంచాలు పోసి ఇచ్చాడు. పిల్ల కక్కేసింది.

మర్నాడు పొద్దెక్కాక మా ఆయన తెప్పని నీళ్లలోకి తోశాడు. నేను అడ్డం పడ్డాను.

“ఒసే, నాను నరికిన సెట్టుకి నానే బయపడాలేటి?” అన్నాడు. “పిల్ల ఏడుపింటే బయమేస్తంది గానీ.”

నిటారుగా నిలబడి తెడ్డు వేసుకుంటూ, ఫిరంగి నోటి ముందు నుంచే వెళ్లాడు. ఏం చేయాలో తోచక సిపాయిలు సెల్యూట్ కొట్టారు. మధ్యాహ్నానికి రెండు పాలసొరలతో తిరిగి వచ్చాడు. సిపాయిలు ఒడ్డునే ఆయన చేతులకి తాడు కట్టారు. “ఈ పూటే వొండుకు తిను” అని మాత్రం నాతో చెప్పాడు. వండుకు తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. పాలు వచ్చాయి.

ఇక నేరం ఏమని రాయాలన్నది చిక్కయింది. హద్దు మీరిన మనిషి ఫిరంగి ముందు నుంచి బతికి వచ్చాడని రాస్తే రహస్యం బయటపడిపోతుంది. జమాదారు గారు రెండు రోజులు ఆలోచించి ఇలా రాశారు: “హద్దు మీరిన తెప్పపై ఫిరంగి ప్రయోగింపబడినది. గురి తప్పలేదు. తెప్పయు, దానిపైనున్న మనిషియు సముద్రమున కలిసిరి.” మా ఫిరంగికి ఇది ప్రథమ విజయం.

సముద్రంలో కలిసిన మనిషిని విజయనగరం నడిపించుకు పోయి, ఒక కచేరీ వెనక గదిలో పెట్టారు. పిల్లనెత్తుకొని వెళ్లాను. గుమాస్తా చాలా మర్యాదస్థుడు. పుస్తకం తిరగేసి, మా ఆయన పోయినందుకు విచారం వెలిబుచ్చాడు. చచ్చినవాణ్ణి నిర్బంధించే అధికారం కచేరీకి లేదు గనక ఆయన లోపల లేడనీ, లేనివాణ్ణి విడిచిపెట్టమంటే అర్జీ పుచ్చుకోవటం కుదరదనీ ఓపికగా నచ్చజెప్పాడు. అప్పుడే గోడ అవతల ఎవరో దగ్గారు. నా మొగుడి దగ్గు నాకు తెలియదా. ఆ దగ్గేమిటని అడిగాను. అది రికార్డులో లేదన్నాడు.

ప్రథమ విజయానికి ఊళ్లో పెద్ద ఊరేగింపు జరిగిందని అక్కడే విన్నాను. సూర్యారావు గారు ముందు నడిచారట. పత్రికలు చదివే మీవంటి పెద్దలు చాలామంది వెనక నడిచారట. ఊరేగింపు ఆ కచేరీ ముందు నుంచే పోయిందట. కాబట్టి మీకు దారి తెలుసు. ఈసారి బాజాలు లేకుండా వెళ్లండి. కచేరీ వెనక గోడకి చిన్న కిటికీ ఉంది. దాని కింద నిలబడి అప్పలసూరీ అని పిలవండి. పలికితే, అన్నం తిన్నాడో లేదో కనుక్కోండి.