నొప్పిని నిషేధించిన జిల్లా

జనవరి ఒకటో తేదీ నుంచి సుంచుమార్కా జిల్లాలో ఏ స్త్రీ కూడా నొప్పితో ప్రసవించబోదని జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ బెరోస్పి ప్రకటించారు. ఆ మాట అన్నది డిసెంబరు ముప్పయ్యో తేదీన. నొప్పికి మూటాముల్లె సర్దుకోవడానికి రెండు రోజుల గడువు దొరికింది. మునిసిపల్ బ్యాండు వాయించింది. జనం చప్పట్లు కొట్టారు. మూడో వరసలో నిలబడ్డ ఎడెల్మిరా కూడా కొట్టింది, పక్కన సూపర్‌వైజరు ఉన్నాడు కాబట్టి.

ఎడెల్మిరా జిల్లా ఆరోగ్య కేంద్రంలో నర్సు, పంతొమ్మిదేళ్లుగా పురుళ్లు పోస్తోంది. పై కొండల పల్లెల నుంచి వచ్చే గర్భిణులను వరండాలో ఉన్ని దుప్పటి మీద పడుకోబెట్టి, ఊపిరి ఎలా తీసుకోవాలో, భుజాలు ఎలా వదిలెయ్యాలో నేర్పేది. ఒక తనిఖీ బృందం అది చూసి ఫోటో తీసింది. ఆ ఫోటో డాక్టర్ బెరోస్పి బల్ల మీదికి చేరింది. అక్కణ్ణించి అది ఆయన ఆలోచన అయిపోయింది.

ప్రకటన అయిన మర్నాడే ఎడెల్మిరా ఆయన గదికి వెళ్లింది.

"డాక్టర్ గారూ, నొప్పి ఉండదని నేనెప్పుడూ అనలేదండీ. భయం తగ్గితే ఓర్చుకోవడం కాస్త తేలికవుతుందన్నాను."

"అంత పొడుగు మాట బ్యానర్ మీద పట్టదమ్మా," అన్నారాయన దయగా.

"పోనీ అంబులెన్సుకి డీజిలూ, పురిటి గదిలో ఒక దీపమూ ఇప్పించండి. నాలుగేళ్ల నుంచి అర్జీ పెడుతున్నాను."

"దీపం ఎందుకమ్మా? రిలాక్సేషన్ కళ్లు మూసుకుని కదా చేసేది."

పథకం పరుగులు తీసింది. రాజధాని లీమా నుంచి ముప్పై చాపలూ, గర్భిణులు కూర్చుని ఊగడానికి ఇరవైనాలుగు పెద్ద రబ్బరు బంతులూ వచ్చాయి. ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. ఇకమీదట ఆరోగ్య కేంద్రంలో నొప్పి అనే మాట వాడకూడదు, సంకోచానుభూతి అనాలి. ప్రతి గర్భిణి రిలాక్సేషన్ స్థాయిని అల్పం, మధ్యమం, సంపూర్ణం అని మూడు కాపీలలో నమోదు చెయ్యాలి. ఎడెల్మిరా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఫారాలు నింపుతూ కూర్చునేది. పాఠం చెప్పడానికి టైము చిక్కేది కాదు. దూరం నుంచి నడిచొచ్చిన ఆడవాళ్లు కాసేపు ఆమె రాస్తుంటే చూసి, వెళ్లొస్తామని చెప్పి వెళ్లిపోయేవారు. నెల తిరిగేసరికి రావడం మానేశారు.

ఫిబ్రవరిలో పురిటి గదికి ప్రసవ కేంద్రమని కొత్త పేరు పెట్టి, ప్రారంభోత్సవం ఏర్పాటు చేశారు. ఆరోగ్య శాఖ ఉపమంత్రి గారు వస్తున్నారు. పురిటి గదికి గులాబీ రంగు వేసి, తలుపుకి అడ్డంగా రిబ్బను కట్టి, తాళం వేశారు. తాళంచెవి డాక్టర్ గారి జేబులో ఉంది. నమూనా తరగతి కోసం గర్భిణులను పిలిపిద్దామని ఎడెల్మిరా అంటే ఆయన ఒప్పుకోలేదు.

"వానలో నడిచొస్తారు. బురద కాళ్లు. మొహాల్లో అలసట. చూస్తే విశ్రాంతిగా ఉన్నట్టు అనిపించరు."

అందుకని ఆఫీసులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లకు గౌన్ల లోపల తలగడలు కట్టారు. వాళ్లు ఎంతో విశ్రాంతిగా కనిపించారు.

పదకొండింటికి రావలసిన ఉపమంత్రి గారి కారు, కొండచరియ విరిగి రోడ్డు మీద పడటంతో లోయలో ఆగిపోయింది. పన్నెండున్నరకి వేరే దారిన, పై కొండల పల్లె నుంచి ఫౌస్టినా అనే గర్భిణి వచ్చింది. తొలి కాన్పు. మొగుడు సెలెడోనియో భుజం పట్టుకుని రెండు గంటలు నడిచింది. ఉమ్మనీరు దారిలోనే పోయింది.

ఎడెల్మిరా ఆమెను చూసి డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తింది.

"గది తెరవండి, డాక్టర్ గారూ."

"ఎలా తెరుస్తానమ్మా? ఇంకా ప్రారంభం కాలేదు కదా."

"ఆ పిల్లకి ప్రారంభమైపోయిందండీ."

ఆయన వాచీ చూసుకున్నారు. "ఉపమంత్రి గారు మూడు గంటల్లో వచ్చేస్తారు. అంతదాకా రిలాక్స్ చేయించు. నీ విద్యే కదా."

"ఆ విద్య బిడ్డను రప్పించడానికండీ, ఆపడానికి కాదు."

"ఒకసారి ప్రయత్నించి చూడు. సైన్సులో ముందే కాదనకూడదు."

సెలెడోనియో టోపీ చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, రిబ్బను మళ్లీ కట్టుకోవచ్చు గదా. నేను కడతా, ముడి బాగా వేస్తా."

"అది లీమా నుంచి వచ్చిన రిబ్బను నాయనా," అన్నారు డాక్టర్ గారు. మాట ఎంతో మృదువుగా ఉంది.

ఎడెల్మిరా వెనక్కి తిరిగింది. వరండాలో తన శాలువా పరిచి ఫౌస్టినాను పడుకోబెట్టింది. గచ్చు చల్లగా ఉంది. తలగడల ఆడవాళ్లు వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్లలో టైపిస్టు పని చేసే ఒకామె గౌను లోంచి తలగడ లాగి ఫౌస్టినా తల కింద పెట్టింది. ఆ తర్వాత ఇంకొకామె నడుము కింద పెట్టింది. రెండు నిమిషాల్లో ఆరుగురికీ కడుపులు పోయాయి.

"దవడ బిగించకమ్మా," అంది ఎడెల్మిరా. "భుజాలు వదిలెయ్. ఊపిరి మెల్లిగా బయటికి."

"నొప్పి నర్సమ్మా."

"ఉంటుంది తల్లీ. వస్తుంది, పోతుంది. మళ్లీ వచ్చేలోగా కాస్త సడలు. నేనెక్కడికీ పోను."

సంకోచానుభూతి అనడం ఆమెకు గుర్తు రాలేదు. ఫౌస్టినా అరుపు వీధిలోకి వినబడుతోందని డాక్టర్ గారు బ్యాండువాళ్లను గట్టిగా వాయించమన్నారు. ఒంటిగంటా పది నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. ఎడెల్మిరా పాపను తుడిచి ఫౌస్టినా గుండెల మీద పెట్టింది.

నాలుగింటికి ఉపమంత్రి గారు దిగారు. రిబ్బను కత్తిరించి, ఖాళీ గదిని మెచ్చుకుని, చుట్టూ చూశారు.

"గర్భిణులు ఏరీ?"

డాక్టర్ బెరోస్పి ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అందరికీ ప్రసవాలైపోయాయండీ. మా పద్ధతి అంత వేగం."

ఉపమంత్రి గారు ఆ ఆరుగురి వంకా చూసి, "ఎవరికైనా నొప్పి తెలిసిందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నారు ఆరుగురూ. అబద్ధం కాదు. ఉపమంత్రి గారి కళ్లు చెమర్చాయి.

వారం తర్వాత సెలెడోనియో పాప జనన పత్రం కోసం వచ్చాడు. అది లేకపోతే పాపకు ఉచిత వైద్యం లేదు, అప్పటికే జలుబు చేసి ఉంది. గుమాస్తా కంప్యూటర్లో చూశాడు. ప్రసవ కేంద్రం ప్రారంభమైంది నాలుగింటికి, పాప పుట్టింది ఒంటిగంటకి. లేని కేంద్రంలో ఎవరూ పుట్టలేరు గనుక పాప ఇంట్లో పుట్టినట్టే. నియమం ప్రకారం ఇంట్లో కన్న తల్లి ఆరు రిలాక్సేషన్ తరగతులకు హాజరైతేనే పత్రం ఇస్తారు.

ఎడెల్మిరా డాక్టర్ గారి గదికి మళ్లీ వెళ్లింది.

"మీ కళ్లెదురుగానే కదండీ పుట్టింది."

"చూశానమ్మా, కాదనను. కానీ ఆ టైములో నేను అధికారికంగా ఊరి వంతెన దగ్గర ఉపమంత్రి గారికి స్వాగతం పలుకుతున్నాను."

పాప జలుబును ఎడెల్మిరా తన సొంత మందుల పెట్టెతో చూసుకుంది. ఫౌస్టినా ప్రతి మంగళవారం పాపను వీపున మూటగట్టుకుని రెండు గంటలు నడిచి వచ్చేది. మొదటి రోజు చాప మీద కూర్చుని బిక్కమొహంతో అడిగింది.

"ఇప్పుడు నేనేం నేర్చుకోవాలి నర్సమ్మా?"

"పాపనిటివ్వు. రాత్రి నిద్రపోయావా?"

"ఎక్కడమ్మా."

"అయితే కళ్లు మూసుకో."

ఎడెల్మిరా పాపను ఒళ్లో వేసుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఫౌస్టినా తరగతి అయ్యేదాకా కదలకుండా నిద్రపోయింది. ఆరు మంగళవారాలూ అంతే. ఆరుసార్లూ ఎడెల్మిరా ఫారంలో స్థాయి దగ్గర సంపూర్ణం అని రాసింది. ఏడో వారం జనన పత్రం చేతికొచ్చింది. ఎడెల్మిరా మళ్లీ వరండాలో దుప్పటి పరిచింది, ఫారాలు పెట్టెలో పడేసి.

సంవత్సరాంతంలో డాక్టర్ బెరోస్పి రాజధానికి నివేదిక పంపారు. అందులో ఫలితాల పేజీ చాలా క్లుప్తంగా ఉంది. ఆరు తరగతులూ పూర్తి చేసిన స్త్రీలు, ఒకరు. తరగతులు పూర్తయిన నాటి నుంచి నేటి వరకు ఆమెకు ఒక్కసారి కూడా పురిటి నొప్పులు రాలేదు.

పథకాన్ని మరో పదకొండు జిల్లాలకు విస్తరించారు.