దొర ఇచ్చిన కొత్త వాచీ

ఆ ఆదివారం ఉదయం వరప్రసాదం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త వాచీ పెట్టుకుని చర్చికి పోవాలి, నలుగురి కంట్లో పడాలి. వచ్చే ఆదివారమే ఉదయగిరి చర్చికి కార్యదర్శి ఎన్నిక. ఎన్నిసార్లు నిలబడినా ఆ పదవి ఆయనకు అందినట్టే అంది జారిపోయేది. ఈసారి కూడా పోటీ సురేంద్రబాబే. ఆత్మకూరులో ఎరువుల అంగడి నడిపే ఆ పెద్దమనిషి ప్రతి ఆదివారం కారులో వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు.

వాచీని నెల్లూరులో చదివే కూతురు జెస్సికా పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో తెప్పించింది. మీగడ రంగు ముఖం, సన్నటి ముళ్లు, ముదురు తోలు పట్టీ. తాతల కాలందిలా కనబడేట్టు ఇప్పుడు చేసిన చవక సరుకు. "కొత్తది కొంటే పాతది పంపినారేందే?" అని మాస్టారు మొదట లబోదిబోమన్నాడు. అదే ఫ్యాషనని తెలిశాక, చొక్కా చేతులు మడవకుండా గడప దాటితే ఒట్టు.

చర్చి మెట్ల దగ్గర మస్తానమ్మవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "అబ్బయ్యా, ఇది మీ తాతదే కదా? గుర్రబ్బండి తోలినందుకు దొర ఇచ్చినాడా?"

నిజానికి ఒకప్పుడు ఈ చర్చి కట్టించిన తెల్లదొర తాతకు ఇచ్చింది ఒక చిరుగుల కోటు. ఆ మాట చెప్పడానికే మాస్టారు నోరు తెరిచాడు. తీరా చూస్తే వెనకాల కమిటీ పెద్దలు మూగి ఉన్నారు. "ఏదోలే అవ్వా, పెద్దోళ్ల ఆశీర్వాదం" అన్నాడు. బడిపంతులు కదా, మాట ఎక్కడ ఆపాలో తెలుసు.

ఇక చూడాలి! ఎన్నికకు ముందు మాస్టారు దొర వాచీ గురించి సాక్ష్యం చెబుతారని పాస్టరుగారు ఆరాధనలోనే ప్రకటించేశారు. బుధవారం మాస్టారింట్లో ప్రార్థన కూటానికి జనం వరండా పట్టక వీధిలో నిలబడ్డారు. వాచీ చేతులు మారింది. కమిటీ సభ్యుడు పాల్ దాని వెనక మూత చూసి మొహం చిట్లించాడు.

"వాటర్ రెసిస్టెంట్ అని ఉండాదేంది సార్? ఆ కాలంలో ఇట్టాంటివి యాడియి?"

మాస్టారు వాచీకి చెయ్యి చాచేలోపే మస్తానమ్మవ్వ కసిరింది. "నీకు బుద్ధుండాదా పాలూ? బాప్తీస్మాలిచ్చేదానికి దొర నడుములోతు నీళ్లలో దిగేవాడు కదా! తడిస్తే చెడిపోయే వాచీ పెట్టుకుంటాడా?"

అందరూ "హల్లెలూయ" అన్నారు. పాల్ అందరికంటే గట్టిగా అన్నాడు.

జనం వెళ్లాక భార్య సుకుమారి నిలదీసింది. "ఇప్పుడన్నా నిజం చెప్పెయ్యండి."

"ఎన్నిక కానీయవే. ఇప్పుడు చెప్తే కార్యదర్శి కాదు గదా, చాపలు పరిచేదానికి గూడా పిలవరు."

ఆదివారం మాస్టారు సాక్ష్యం చెప్పాడు. పొంగే వాగులో తాత దొరను బండితో సహా గట్టెక్కించిన ఘట్టం దగ్గర ఆయనకే కన్నీళ్లొచ్చాయి. కళ్లు తుడుచుకుంటూ కూర్చోబోతుంటే సురేంద్రబాబు లేచాడు. తాపీగా చొక్కా చెయ్యి పైకి లాగాడు. మీగడ రంగు ముఖం, సన్నటి ముళ్లు, ముదురు తోలు పట్టీ.

"దొర మా తాతకు గూడా ఇచ్చినాడు. ఆయన దొరకు వంట చేసేవాడు గదా."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. దొంగ! పచ్చి దొంగ! కానీ అది ఆన్‌లైన్ సరుకని నిరూపించాలంటే ముందు తన బండారం బయటపెట్టుకోవాలి. ఇద్దరి చూపులూ కలిశాయి. సురేంద్రబాబు నుదుట చెమట పట్టింది.

"అవును సోదరా," అన్నాడు మాస్టారు, "జత వాచీలని మా తాత చెప్పేవాడు."

పాస్టరుగారు పరవశించిపోయారు. "ఇంత విలువైన సొత్తు ఇళ్లల్లో ఉండకూడదు. చర్చిలో అద్దాల బీరువాలో పెడదాం. సోదరులిద్దరూ ఇప్పుడే విప్పి సమర్పించండి." చప్పట్లు మోగాయి. ఇద్దరూ విప్పి ఇచ్చారు.

"మరి కార్యదర్శి?" అన్నాడు పాల్. దొర మెచ్చిన వంశాల్లో దేన్ని కాదనాలో తెలియక జనం నసిగారు. మస్తానమ్మవ్వకు విసుగొచ్చింది. "ఈ వాచీల గోల లేని మనిషిని పెట్టండయ్యా. స్త్రీల సమాజం నడిపే సుకుమారి ఉండాది కదా!" చేతులన్నీ లేచాయి. మాస్టారి బోసి చెయ్యి కూడా లేవక తప్పలేదు.

బయట మాస్టారు స్కూటరు తీస్తుంటే కొత్త కార్యదర్శి వెనక కూర్చుని ఆయన చెవిలో అంది: "ఈ బండి గూడా దొర ఇచ్చినాడని ఎవురితోనూ అనబాకండి, మీటింగులకు నేను దీనిమీదే పోవాల."