ప్యాంటు వదులైన వైనం

చూడండి, ఏ డాక్టరైనా సరే, ఒక దర్జీకి చెప్పకూడని మాట ఒకటుంది. మా డాక్టరు వెతికి వెతికి ఆ మాటే నాకు చెప్పాడు.

"బరువు తూచుకుంటూ కూర్చోకండి. మీ పాత ప్యాంటు ఒకటి తీసి వేసుకోండి. అది వదులవుతూ వస్తే మీ గుండె మీద భారం తగ్గుతున్నట్టే."

పైకి బుద్ధిగా తలూపాను. లోలోపల ఎగిరి గంతేశాను. ప్యాంటు వదులు చేయడం నాకు కూడు పెట్టే విద్య!

పక్కన కూర్చున్న మా ఆవిడ మాత్రం గంతేయలేదు. ఇంటికొచ్చాం. తలుపు తాళం తీస్తూ, "పిల్లలింకా చిన్నవాళ్ళండీ," అంది, అంతే. లోపలికెళ్ళి నా బెల్టులన్నీ ఎక్కడో దాచేసింది. ప్యాంటు సంగతి ప్యాంటే చెప్పాలట.

నన్ను తిండిపోతు అనుకునేరు. నేను అసలు భోజనానికి కూర్చునే రకాన్నే కాదు. పిల్లలు కొరికి వదిలేసిన కేకు, మాడిన రొట్టె, విరిగిన బిస్కెట్టు, నిన్నటి కూర, ఏది మిగిలితే అది అంట్ల తొట్టి దగ్గర నిలబడి నోట్లో వేసుకుంటాను. మంచివి వాళ్ళకి, మిగిలినవి నాకు. అదేదో త్యాగం అనుకునేవాణ్ణి.

"మీరేమైనా చెత్తబుట్టా?" అనేది మా ఆవిడ.

"పారేస్తే పాపం కాదుటే?"

"మీ పొట్టలో పారేస్తే పుణ్యమా?"

ఆదివారాలు మా ఆవిడ ధ్యానం నేర్పే ఒక పెద్దావిడ దగ్గరికి వెళుతుంది. ఆ పెద్దావిడ ఒక వాక్యం మొదలుపెట్టి ముగించేలోపు నేను చొక్కాకి రెండు చేతులూ అతికించేయగలను. అందుకే ఆవిడకి నెమ్మదమ్మ అని పేరు పెట్టాను. నెమ్మదమ్మ చెప్పేదేమిటంటే, మనలో ఉన్న ఆత్మ రాజులాంటిది, ఈ ఒళ్ళు ఆ రాజు బస చేసిన ఇల్లు. తన విలువ తనకు తెలిసినవాడు ఏది పడితే అది తినడు.

"రాజుగారిని కూర్చోబెట్టాలి, పళ్ళెంలో పెట్టాలి, అడిగి అడిగి వడ్డించాలి," అంది మా ఆవిడ.

"రాజుగారు ఇంకో రెండు బిస్కెట్లు అడుగుతున్నారే."

"అడిగింది రాజుగారు కాదు, గుమ్మం దగ్గరి బంట్రోతు, మీ నాలుక."

ఆవిడతో మాటల్లో గెలవలేనని పెళ్ళయిన కొత్తలోనే తేలిపోయింది. అందుకే సూదిని నమ్ముకున్నాను.

మా కొట్లో పొద్దున పూట నాకెదురుగా కూర్చుని ఆవిడే కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. మధ్యాహ్నం పిల్లల కోసం ఇంటికెళుతుంది. డాక్టరు చెప్పిన మర్నాడు ఆవిడ వీధి మలుపు తిరగ్గానే నేను తలుపు ఓరగా వేసి, ప్యాంటు విడిచి, నడుము వెనక కుట్టు ఊడదీశాను. లోపల మడిచి ఉన్న గుడ్డలోంచి వేలెడంత వదిలి మళ్ళీ కుట్టేశాను. కుడుతూ కుడుతూ గుండీల డబ్బాలో దాచిన బిస్కెట్లు కూడా లాగించాను. పని చేస్తే ఆకలేయదా మరి?

వారం తిరక్కుండానే మా ఆవిడ నా నడుం దగ్గర వేలు పెట్టి చూసి, "ఏవండీ! వేలు దూరుతోందండీ!" అంటూ పిల్లల్ని కూడా కేకేసింది. పిల్లలు కూడా వేళ్ళు పెట్టి చూశారు. ఇంట్లో పండగే పండగ.

ఆ మర్నాడు మరికాస్త వదిలాను. ఆ తరవాత ఇంకాస్త. చివరికి లోపలి గుడ్డ అంతా అయిపోయింది. అయితే మాత్రం వెనక్కి తగ్గుతానా? ఆ రంగుదే ఒక ముక్క సంపాదించి వెనక అతికించాను, పైన చొక్కా కప్పేస్తుందిగా. పొట్ట ముందుకు వస్తూనే ఉంది, ప్యాంటు వెనక్కి పోతూనే ఉంది.

ఒక చిక్కు మాత్రం వచ్చిపడింది. మా ఆవిడ ముఖం తేటపడింది. వంట చేస్తూ కూనిరాగాలు తీస్తోంది. అది చూసినప్పుడల్లా నాకు బిస్కెట్టు గొంతుకి అడ్డం పడేది. బాధతో ఇంకోటి తినేవాణ్ణి.

ఇంతలో ఒకరోజు చల్లగా చెప్పింది. "వచ్చే ఆదివారం మీరు ధ్యానం హాల్లో మాట్లాడాలి. మా గురువుగారు రమ్మన్నారు."

"నేనా? ఏం మాట్లాడను?"

"ఒంట్లో ఉన్న రాజుని ఎలా గౌరవించారో!"

తప్పించుకోవడానికి జలుబన్నాను, నడుం నొప్పన్నాను. "ఇంత సన్నబడ్డాక నడుం నొప్పేమిటండీ?" అంది. ఆదివారం పొద్దున తనే ఇస్త్రీ చేసి ప్యాంటు చేతికిచ్చింది. కంగారులో ఎలా తొడుక్కున్నానో నాకే తెలియదు.

హాలు కిక్కిరిసి ఉంది. బెల్టు లేదుగా, నడుం దగ్గర ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని వేదిక ఎక్కాను. అందరూ అది వినయం అనుకున్నారు. కింద మొదటి వరసలో మా ఆవిడ, పిల్లలు.

"ముందుగా... అందరం... కళ్ళు మూసుకుని..." అంది నెమ్మదమ్మ. "రెండు చేతులూ... పైకెత్తి... నేను విలువైనవాణ్ణి... అనుకుందాం."

నేను ఒక చెయ్యి ఎత్తాను.

"రెండూ... నాయనా."

నా గుండె ఆగినంత పనైంది. పరువు ఎడమచేతిలో ఉంది. వదిలానా, నేలమీదే! అప్పుడు మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ, ఎత్తండి అన్నట్టు తలూపింది.

సరే, కానీ అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి మోసం చేసినందుకు ఇదే తగిన శాస్తి. కళ్ళు గట్టిగా మూసుకుని రెండో చెయ్యీ ఎత్తేశాను.

ప్యాంటు జారలేదు.

కాసేపాగి మెల్లిగా వేలు పెట్టి తడిమాను. నడుం చుట్టూ లోపల ఎలాస్టిక్! దాన్ని పట్టి ఉంచిన కుట్లు చిన్నవిగా, దగ్గరదగ్గరగా, ముట్టుకుంటే తెలిసేంత తీరుగా ఉన్నాయి. అలా కుట్టే చెయ్యి నాకు తెలిసి ఒక్కటే ఉంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెమ్మదమ్మ నన్ను చూసి, "చూశారా... అనుభవం... అంటే... ఇదీ," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొస్తుంటే అడిగాను. "ఎప్పట్నుంచి తెలుసే?"

"మొదటి రోజునుంచీ. పాత ప్యాంటుకి కొత్త దారం తళతళలాడుతుంటే కనపడదా? కాజాలు కుట్టే కళ్ళండీ ఇవి."

"మరి నిలదీయలేదేం?"

"సంబరపడుతున్నట్టు నటిస్తే మీకే మనసొప్పక మానేస్తారనుకున్నా. నిలదీస్తే సిగ్గుపడతారు. సిగ్గుతో ఇంకో గుప్పెడు తింటారు. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాగా." కాస్త ఆగి అంది, "ఎవరో ఇచ్చిన గుడ్డని శుభ్రమైన బల్ల మీద పరిచి, చేతులు కడుక్కుని గాని కత్తెర పెట్టరు మీరు. మీ ఒంటిని మాత్రం అంట్ల తొట్టి దగ్గర నిలబెడతారు. మీ పరువు మీకు పట్టకపోయినా నాకు కావాలి. మీరూ కావాలి."

మీరే చెప్పండి, అంత మనిషి నన్ను అంతగా కావాలనుకుంటుంటే, నేనెవణ్ణి నన్ను చవగ్గా చూడటానికి!

ఆ మధ్యాహ్నం బల్ల ముందు కూర్చోబెట్టింది. మంచి పళ్ళెం తీసింది. వేడివేడిగా వడ్డించి ఎదురుగా కూర్చుంది. నెమ్మదిగా, ప్రతి ముద్దా తెలుస్తుండగా తిన్నాను. పళ్ళెంలో ఇంకా ఉండగానే కడుపు నిండిపోయింది. కడుపు నిండితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

"రాజుగారికి ఇంకేమైనా కావాలా?" అంది.

"చాలన్నారు," అన్నాను.

ఆ సాయంత్రమే ప్యాంటుకి అతికించిన ముక్క ఊడదీసి, వెనక కుట్టు మునుపటిలా బిగించేశాను. గుండీల డబ్బా తెరిస్తే అందులో అన్నీ గుండీలే ఉన్నాయి. ఆవిడ చెయ్యి అక్కడిదాకా వచ్చిందన్నమాట.

కొన్ని నెలలు గడిచాక, మొన్న ఆ ప్యాంటు వేసుకుంటే నడుం దగ్గర వేలు దూరింది. నాకు ఒళ్ళు మండింది. ఈసారి ఆవిడే విప్పి నన్ను ఆటపట్టిస్తోందని, ప్యాంటు తిరగేసి కిటికీ దగ్గర కుట్టంతా వెతికాను.

"ఏం వెతుకుతున్నారు?"

"నీ చేతివాటం."

"వెతకండి, వెతకండి," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఎంత చూసినా నా కుట్టే, నా దారమే, నేను బిగించింది బిగించినట్టే ఉంది. ఆవిడ వేసిన ఎలాస్టిక్ మాత్రం ఇంకా తీయలేదు. దాని అవసరం నిజంగా పడింది ఇప్పుడే.