చర్మం అబద్ధం చెప్పదు

“చర్మం అబద్ధం చెప్పదు! నేనూ చెప్పను! నాకు దాపరికాలే లేవు!” అని చర్మ పరిశోధన సంస్థ డైరెక్టరుగారు ప్రకటించారు. ఆనాటి నుంచి ఏ ఫోనొచ్చినా స్పీకరు మీదే మాట్లాడసాగారు. ఆయన వియ్యంకుడి మలబద్ధకం సంగతి వాచ్‌మన్‌కు కూడా తెలిసిపోయింది.

నెల రోజులు సెలవు పెట్టి, పొట్ట లేకుండా తిరిగొచ్చారు. “అంతా నడక మహిమ! చక్కెర మానేశాను!” అన్నారు. అని ఊరుకున్నారా? క్యాంటీన్ టీలో చక్కెర నిషేధించారు. ఇక ఆ సంస్థలో చక్కెర దక్కేది ప్రోటీన్లకు మాత్రమే!

ఆ ప్రోటీన్ల బాధ్యత ఒక పరిశోధకురాలిది. చర్మంలో కాపలా కాసే కణాల మీద చక్కెర నూగులా ఉంటుంది. కొన్ని ప్రోటీన్లు ఆ చక్కెరను పట్టుకోగానే కాపలా కణాలు ఉలిక్కిపడి లేవాలి. పరీక్షకు కావలసిన చర్మం ఆసుపత్రి నుంచి వస్తుంది. ఆపరేషన్లలో కోసి తీసేసిందే, పేరూ ఊరూ లేకుండా. పాపం, ఇన్నాళ్లూ ఎవరి చర్మం తెచ్చినా ఆ కణాలు కునికిపాట్లు పడుతూనే ఉన్నాయి. డైరెక్టరుగారు సెలవులో ఉండగా వచ్చిన పొట్ట చర్మంలో మాత్రం దిగ్గున లేచి కూర్చున్నాయి!

ఆయన మైక్రోస్కోపులో చూసి గంతులేశారు.

“ఎవరమ్మా ఈ మహానుభావుడు? శుక్రవారం సభలో సన్మానం చేద్దాం. దాతను వేదిక ఎక్కించు, నీ ఉద్యోగం పొడిగిస్తూ సంతకం పెడతాను. లేదంటే సామాను సర్దుకో!”

ఆమె వెంటనే ఆసుపత్రి నర్సుకు ఫోను చేసింది.

“అక్కా, ఆయన పేరు చెప్పకపోతే నా ఉద్యోగం ఊడుతుంది!”

“చెప్పకూడదమ్మా. నేనే ఆయన్ని అడుగుతాలే. ఇష్టమైతే వస్తారు.”

శుక్రవారం హాలు కిక్కిరిసింది. వేదిక మీద దాత కుర్చీ ఖాళీగా ఉంది. డైరెక్టరుగారు నడక మహిమను వర్ణిస్తుండగా ఫోను మోగింది. స్పీకరు నొక్కి మైకు దగ్గర పెట్టారు.

“సార్, కాస్త సొంత విషయం. పక్కన ఎవరైనా ఉన్నారా?”

“నాకు సొంత విషయాలుండవమ్మా! చెప్పు!”

“ఆసుపత్రి నర్సుని సార్. పొట్ట తగ్గించినప్పుడు మీకు కోసి తీసేసిన చర్మం పరిశోధనకు ఇవ్వొచ్చని చదవకుండానే సంతకం పెట్టారుగా? అది బ్రహ్మాండంగా పనికొచ్చిందట! మీకు సన్మానం చేస్తారట, వెళ్తారా? ఇంతకీ కుట్లు మానాయా సార్?”

హాలంతా నోరు తెరిచింది. డైరెక్టరుగారు తొలిసారి స్పీకరు ఆపి ఫోను చెవికి ఆనించుకున్నారు. పరిశోధకురాలు వేదికెక్కి, తన ఉద్యోగం పొడిగింపు కాగితం ఆయన ముందు పెట్టి కలం అందించింది.

“దాత వేదిక మీదే ఉన్నారు సార్. సంతకం పెట్టండి.”

ఈసారీ చదవకుండానే పెట్టారు.

అప్పుడు క్యాంటీన్ వంటాయన వెనక నుంచి గొంతెత్తాడు.

“అయ్యా, మరి మమ్మల్ని టీలో చక్కెర వేసుకోమంటారా, ఆపరేషన్ చేయించుకోమంటారా?”