యలమందయ్య సైకిలు లైటు

ఆ రోజు పొద్దున యలమందయ్య పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, పేపరు చూసి, కొత్త లైటును సైకిలుకు బిగించడం. తొమ్మిదిన్నరకల్లా అయిపోతుందనుకున్నాడు. చిలకలూరిపేటలో ముప్పై నాలుగేళ్లు జిన్నింగు మిల్లు కాటా దగ్గర పత్తి బళ్లను వరసలో నిలబెట్టిన మనిషి, అరచేతిలో పట్టే లైటును ఒకచోట నిలబెట్టలేడా?

ఆ లైటు పంపింది కూతురు భవ్య. గుంటూరు బ్రాడీపేటలో కోచింగు సెంటర్లో పాఠాలు చెబుతుంది. పోయినవారం చీకటి పడే వేళ పత్తి ఆటో ఒకటి చూసుకోకుండా నాన్న హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయిందనీ, ఆయన రోడ్డు పక్క కంపలో పడ్డాడనీ తల్లి చెప్పినప్పటినుంచీ ఆ పిల్లకు మనసు మనసులో లేదు.

"నాన్నా, ఇవాళ సాయంత్రంలోగా లైటు బిగించి, వెలుగుతుండగా ఫోటో పెట్టు. పెట్టలేదనుకో, ఆదివారం వచ్చి సైకిల్ని పాతసామాన్ల బండికెత్తిస్తా. ఒట్టు!" అంది ఫోన్లో.

భవ్య ఒట్టేస్తే ఒట్టే. యలమందయ్యకు సైకిలు తప్ప వేరే దారి లేదు. దూరం నడవడానికి మోకాళ్లు ఒప్పుకోవు. మోటారు సైకిలు నడపడం రాదు. సైకిలు పోతే సాయంత్రం మిల్లు గేటు దగ్గరి టీ కొట్టు పోయినట్టే, అక్కడ చేరే పాత మిల్లువాళ్లూ పోయినట్టే. ఆ గంట కబుర్ల కోసమే ఆయన మిగతా ఇరవై మూడు గంటలూ ఓపిక పడుతున్నాడు.

మొదట హ్యాండిల్‌కు కట్టాడు. నీడపట్టున పెట్టి వెలిగిస్తే ఎదర నేల కనిపించలేదు గానీ, ముందు బుట్టలో ఉన్న వంకాయలు మాత్రం ధగధగా మెరిశాయి.

"ఈ బుట్ట తీసేస్తే పోలా?" అన్నాడు.

"తీసెయ్యండి. కూరగాయలు నెత్తిన పెట్టుకొద్దురుగాని," అంది భార్య మల్లేశ్వరి.

బుట్ట జోలికి పోకుండా మడ్గార్డు మీద కట్టాడు. వీధి చివరిదాకా తొక్కి చూస్తే, గతుకు వచ్చినప్పుడల్లా లైటు తలొంచి నమస్కారం పెట్టింది. ఇక లాభం లేదని నాగూర్ వలికి ఫోన్ చేశాడు. నాగూర్ వలి ఒకప్పుడు ఊరి సెంటర్లో సైకిల్ షాపు నడిపినవాడు. ఇప్పుడా షాపులో కొడుకు మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాడు. సైకిలు అన్న మాట చెవిన పడగానే అన్నం ముందునుంచి లేచినట్టున్నాడు, చెయ్యి తుడుచుకుంటూ పానా పట్టుకుని వచ్చేశాడు.

"ఒరేయ్ యలమందా, హ్యాండిల్ మీద లైటేంట్రా? మన డైనమో లైటు ఎక్కడుండేది?"

"హ్యాండిల్ కింద, బ్రాకెట్టుకి."

"ఆ బ్రాకెట్టేదీ?"

"తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయింది."

"అయితే ఫోర్కుకే, చక్రం పక్కన. కిందుంటే గుంటలు బాగా కనపడతాయ్."

అంతే, అక్కడితో బిగించేస్తే ఈ కథ ఉండేది కాదు. కానీ డైనమో మాట రానే వచ్చింది. టైరుకు ఆనించగానే కుయ్యిమని మూలిగే డైనమో! తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. మిల్లు దిగిన జనం వందల సైకిళ్ల మీద ఇళ్లకు వస్తుంటే ఆ మూలుగు వీధి మొగదల వినగానే ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేవాళ్లు. యలమందయ్యకు ఆ చప్పుడు ఒక్కసారి వినాలని చెప్పలేనంత దిగులేసింది.

"లైటు లేకుండా వస్తే పోలీసు ఆపి టైర్లో గాలి తీసేవాడు, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తులేకపోవడమేంటి? గాలి కొట్టింది నేనే కదా. ఆ మహానుభావుడి చలవతోనే షాపు నిలబడింది."

"నువ్వే చెప్పి తీయించేవాడివని అందరూ అనేవాళ్లు."

"అల్లా మీద ఒట్టు! నేను ఆయనకి టీ పోయించానంతే."

ఇద్దరూ నవ్వుకుని, నిట్టూర్చి, ఉన్నవాళ్లనీ పోయినవాళ్లనీ పేరుపేరునా తలచుకునేసరికి నాలుగయింది. లైటు ఫోర్కుకు ఎక్కింది. అప్పుడు మల్లేశ్వరి పసుపు కుంకుమలు పట్టుకుని బయటికొచ్చింది.

"చెల్లెమ్మా, లైటు అద్దం మీద కాస్త చిన్న బొట్టు పెట్టు," అన్నాడు నాగూర్ వలి.

"మొన్న ఈయన పడింది చాల్లేదా అన్నయ్యా? చిన్న బొట్లు పెట్టే ఇలా అయింది!"

ఆవిడ అద్దం నిండా తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది. కుంకుమ కారి అద్దమంతా పరుచుకుని ఎండింది. పట్టపగలు కావడంతో దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఆరు గంటలకు నాగూర్ వలి ఫోటో తీయడానికి ఫోను పట్టుకుని టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. కాస్త దూరంలో, మసక చీకట్లో యలమందయ్య లైటు మీట నొక్కాడు. ఎర్రగా వెలిగింది. కొత్తరకం లైట్లు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని మళ్లీ నొక్కాడు. ఎర్రగా టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఇంకోసారి నొక్కితే ఏం చేస్తుందోనని అలాగే బయల్దేరాడు.

ఎదురుగా వస్తున్న ట్రాక్టరులో మోయగలిగినదానికి రెట్టింపు మిరప బస్తాలున్నాయి. టపటపా కొట్టుకుంటున్న ఎర్రలైటు చూసి డ్రైవరు పోలీసులనుకున్నాడు.

"చెకింగురోయ్!" అని అరిచి బ్రేకు తొక్కాడు.

వెనకున్నవన్నీ ఆగాయి. హెల్మెట్లు లేనివాళ్లు బళ్లు తిప్పుకున్నారు. ముగ్గురెక్కిన బండి మీంచి మూడోవాడు దిగి, మిగతా ఇద్దరూ ఎవరో తెలియనట్టు దూరంగా నిలబడ్డాడు. ఇటు యలమందయ్య, రోడ్డంతా ఆగిపోవడం చూసి ముందేదో ప్రమాదం జరిగిందని తనూ ఆగాడు. ఆయన కదిలితే కదులుదామని వాళ్లు, వాళ్లు కదిలితే కదులుదామని ఆయన. పది నిమిషాలు గడిచాయి.

మిరప కోతల నుంచి కూలీలను తెస్తున్న ఆటోలో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. డ్రైవరు నలుగుర్ని దిగి నడవమన్నాడు. ఫాతిమా అనే ఆవిడకు ఒళ్లు మండింది.

"పొద్దుట్నుంచి నడుం వంచి కాయ కోశాం. ఇప్పుడు నడవాలా? ఆ పోలీసాయన్ని నేనే అడుగుతా!" అని కొంగు బిగించి చరచరా వచ్చి, సైకిలు ముందు నిలబడిపోయింది.

"ఏం బాబాయ్, చెకింగంటే నువ్వా?"

"చెకింగేంటమ్మా? ముందేదో అయ్యిందని నేనాగాను!"

ఈలోగా ట్రాఫిక్ ఎందుకాగిందో చూద్దామని అసలు కానిస్టేబులే వచ్చాడు. లైటు చూశాడు, వేలితో గీకి చూశాడు, వేలికంటిన కుంకుమ చూసుకున్నాడు.

"పెద్దాయనా, ముందు ఎర్రలైటు పెట్టకూడదండీ. బొట్టు తుడవండి," అన్నాడు నవ్వాపుకుంటూ.

సరిగ్గా అప్పుడు నాగూర్ వలి పరుగున వచ్చాడు. ఫోటో తీయబోయి వీడియో తీశాడట. తీసి ఊరుకోక భవ్యకు పంపాడట. అతని చేతిలో ఫోను మోగుతోంది. సైకిలు పని అయిపోయిందనుకున్నాడు యలమందయ్య. ఫోను అందుకున్నాడు.

"నాన్నా, ఎన్ని బళ్లాగాయో చూశావా?"

"చూళ్లేదమ్మా."

"నేను చూశాను. ఇరవై ఏడు! మొన్న ఒక్క ఆటో నిన్ను చూడలేదనేగా నా ఏడుపంతా," అంది భవ్య. "చిన్నప్పుడు ఆ సైకిలు ముందు రాడ్ మీద కూర్చుంటే లారీ ఎదురొచ్చినా భయమేసేది కాదు, నువ్వున్నావని. ఇప్పుడు నువ్వొక్కడివే పోతుంటే భయమేస్తోంది నాన్నా. సైకిలుండనీ. రోజూ లైటు వేసుకునే వెళ్లు."

యలమందయ్య "సరేనమ్మా" అన్నాడు. పైపంచెతో ముందు కళ్లు తుడుచుకుని, తర్వాత లైటు అద్దం తుడిచాడు. లైటు తెల్లగా, బ్రహ్మాండంగా వెలిగింది.

ఆ రోజు తర్వాత ఆయన కోసం ఒక్క బండి కూడా ఆగలేదు, ఆయన్ని చూసి పక్కకు తప్పుకుని పోయాయంతే.